టీతో మాత్ర

ఫ్లాస్కు మూత బిగించి, రక్తం పట్టడానికిచ్చే ఐరన్ మాత్రల డబ్బా పక్కనే సంచిలో సర్దుకుంది సరోజమ్మ. గిద్దలూరు అవతల, అడవి అంచున ఉన్న చెంచుగూడేనికి ఆమె ఆశా కార్యకర్త. మడమలు పగిలి, మోకాళ్లు అరిగిపోయిన మనిషి. మాత్ర వాసనకే గూడెం ఆడపిల్లలు మేకపిల్లల్లా చెదిరిపోయేవాళ్లు. సొంత చేత్తో కాచిన టీ ఆశ చూపి వాళ్లను దారికి తెచ్చుకుంది. పైవాళ్లు మెచ్చుకున్నారు కూడా. ఉద్యోగంలో ఆమెకు దక్కిన మెప్పు అదొక్కటే.

ఆ పొద్దు ఈదమ్మ చాప మీద నుంచి లేవలేదు. పదహారేళ్ల పిల్ల. ముట్టయితే ఆగకుండా పోతుంది. అరచేతులు సున్నం పూసినట్టు తెల్లబడ్డాయి. సరోజమ్మ ఆ పిల్ల తల ఎత్తిపట్టి మాత్ర మింగించి, పిల్ల స్టీలు గ్లాసు నిండా టీ పోసింది. మార్కాపురంలో మీటింగు చూసుకుని సాయంత్రం వచ్చి ఆసుపత్రికి తీసుకుపోతానని తల్లి లింగమ్మతో చెప్పింది. మాత్రలు పడుతూనే ఉన్నాయిగా, అందాకా ఏం కాదులే అనుకుంది.

మీటింగులో పరిశోధకురాలు శ్రీదివ్య మేడం మాట్లాడింది. ఆమధ్య గూడేల్లో పిల్లల రక్తం తీసుకుపోయి పరిశోధన చేసింది ఆమె బృందమే. మాత్రలు మింగుతున్నా చాలామందికి రక్తం పెరగలేదట. టీతో మింగడం ఒక కారణమట. నిమ్మరసంతో ఇవ్వాలట. ఈ సంగతి ఇంగ్లీషులో అచ్చయి అప్పుడే రెండేళ్లయిందట.

సరోజమ్మ లేచి నిలబడింది. "టీతో ఇస్తే ఏమైతాది మేడం?"

"సగం కూడా ఒంటికి పట్టదమ్మా."

"మాకు ముందే చెప్తే ఏం పోయింది?"

మేడం తల దించుకుని, తప్పేనంది. తప్పు ఎవరిదైతేనేం, మింగించిన చేతులు తనవి. సరోజమ్మకు దుఃఖం ముంచుకొచ్చింది. బజార్లో నిమ్మకాయలు కొని బస్సెక్కింది. ఆ ఒక్క పిల్లను నిలబెట్టు ప్రభువా అని దారి పొడుగునా వేడుకుంది.

గూడెంలో ఏడుపులు అప్పటికే సద్దుమణిగాయి. లింగమ్మ గుడిసె ముందు కూలబడి ఉంది.

"మధ్యాన్నం పోయిందక్కా. అంబులెన్సుకు ఫోన్ చేసినాం, టయానికి రాలేదు. కడాన నీ టీనే అడిగింది. రెండు గుక్కలు తాగింది."

సరోజమ్మ ఆమె ముందు చతికిలబడింది. "నా టీ వల్లనే మాత్ర పట్టలేదు లింగమ్మా. నాకు తెల్వదు."

లింగమ్మ ఆమె చేతిని తన ఒళ్లోకి తీసుకుంది. "ఏందక్కా ఆ మాట. నీ టీ అంటే పిల్లకు పానం."

సంచిలోని నిమ్మకాయలు మట్టిలోకి దొర్లాయి. ఎవరూ ఏరలేదు. లోపల చాప పక్కన ఈదమ్మ స్టీలు గ్లాసులో, మీగడ కట్టి, సగం టీ మిగిలే ఉంది.