సెలవు చీటీ

పొడుగాటి ఇనుప చావీని గుంతలోని వాల్వుకు తగిలించి డానియేలు రెండు చేతులా తిప్పుతున్నాడు. పద్నాలుగు చుట్లు తిప్పితే హైదరాబాద్ ఛత్రినాకలో ఆ మూడు గల్లీలకు మంచినీళ్ళు వస్తాయి. పందొమ్మిదేళ్ళుగా తిప్పీ తిప్పీ అతని కుడి భుజం కాస్త కిందికి జారింది. ఆలస్యమైతే తిట్టే నోళ్ళు బోలెడు గానీ, వేళకు వస్తే మెచ్చుకునే నోరు ఆ గల్లీల్లో ఇంకా పుట్టలేదు.

"ఏం తమ్మీ, కొత్తంగి తొడిగినవ్?" బిందె నల్లా కింద పెడుతూ అడిగింది కాశమ్మ.

"పదింటికి బిడ్డ వస్తదక్కా. కోర్టు పంపుమన్నది."

మూడు నెలల కిందట అయితే కోర్టు అన్న మాట చచ్చినా నోట రానిచ్చేవాడు కాదు. విడాకుల కేసు నడుస్తుండగానే, క్రిస్మస్ సెలవుల్లో, భార్య రూతు ఎనిమిదేళ్ళ స్వీటీని వెంటబెట్టుకుని మాట మాత్రమైనా చెప్పకుండా జహీరాబాద్‌లోని పుట్టింటికి వెళ్ళిపోయింది. ఇతను ఏడవలేదు, పోలీసుల దగ్గరికి పోలేదు. బస్తీలో ఇజ్జత్ పోతుందని భయపడ్డాడు. పాప తన ఇష్టంతోనే అమ్మమ్మ ఇంటికి వెళ్ళిందని, నెల రోజులు సెలవు ఇప్పించాలని బడికి చీటీ రాసి, కింద సంతకం కూడా చేశాడు. తన వేలితో తన కన్నే పొడుచుకున్నాడు పాపం.

తర్వాత అతని వకీలు సాయిప్రియ పిల్లను తండ్రికి అప్పగించాలని ఒక పిటిషను, అది తేలేదాకా చూడనివ్వాలని ఇంకొకటి, బడి మార్చకూడదని మరొకటి వేసింది. రూతు వకీలు నవ్వుతూ, బడి నుంచి తెప్పించిన ఆ చీటీ తీసి జడ్జమ్మ ముందు పెట్టాడు.

"ఇది మీరే రాశారా?"

"నేనే రాసిన మేడం. అది అబద్ధం. భార్య చెప్పకుంట తీస్కపోయిందంటే నలుగురు నవ్వుతరని రాసిన."

స్వీటీ కనిపించని ఆ సాయంత్రం బిడ్డ ఏదని అడుగుతూ రూతు ఫోనుకు అతను పంపిన పదకొండు మెసేజీలను సాయిప్రియ చూపించింది. జడ్జమ్మ తారీఖులు చూసింది; మెసేజీలు చీటీ కంటే ముందువి. నెలలో రెండు శనివారాలు, పది నుంచి అయిదు దాకా పిల్ల తండ్రి దగ్గర ఉండాలంది. కోర్టును అడగకుండా బడి మార్చొద్దంది. అసలు పిటిషను బళ్ళు తెరిచేలోపు వింటానంది.

అందులో ఇది మొదటి శనివారం. రూతు పదికల్లా పసుపు గౌను తొడిగిన పిల్లను గుమ్మంలో దింపి వెళ్ళింది. అన్నం తిన్నారు, అష్టాచెమ్మా ఆడారు, డానియేలు కావాలనే ఓడిపోయాడు. నాలుగింటికి మళ్ళీ నీళ్ళు వదలడానికి కూతుర్నీ తీసుకెళ్ళాడు. పద్నాలుగు చుట్లూ స్వీటీయే గట్టిగా లెక్కపెట్టింది. పగిలిన పైపు దగ్గర ఎగిరి చిమ్ముతున్న నీళ్ళలో గెంతి, తల నుంచి కాళ్ళ దాకా తడిసింది. ఇంటికొచ్చి, పెట్టెలోంచి మోకాళ్ళ పైకి వచ్చే పాత గౌను తీసి తొడుక్కుంది.

అయిదవుతుంటే అతని నడుము పట్టుకుంది.

"డాడీ, నేను పోను. ఈడనే ఉంట."

డానియేలు గుండె నీరైపోయింది. తలుపు గడియ వేస్తే చాలు. అన్నదమ్ములు అదే చెప్పారు. సాయిప్రియ మాత్రం వేరే మాట చెప్పింది: "నువ్వు కూడ ఆపుకుంటే ఆమెకూ నీకూ తేడా ఏముంటది? టైముకు పంపు. ఆ పంపుడే మనకు సాక్ష్యం."

అతను వంగి బిడ్డ చెప్పుల పట్టీలు బిగించాడు.

"రెండు వారాలు బిడ్డా. మల్ల వస్తవ్. నేను ఏడికీ పోను."

అయిదుకు ఇంకా రెండు నిమిషాలు ఉన్నాయనగా తలుపు తీసి నిలబడ్డాడు. వాకిట్లో ఆటో దిగిన రూతు తెరిచి ఉన్న తలుపునూ, చెప్పులేసుకుని తయారుగా ఉన్న కూతుర్నీ చూసి ఆగింది. గొడవకు సిద్ధపడి వచ్చిన మనిషి మొహం చప్పున చల్లబడింది.

"పసుపు గౌనేది?"

"తడిసింది. ఇంక ఆరలే."

రూతు దండెం వైపు చూసింది. "ఉండనీ," అంది చిన్నగా. "వచ్చినప్పుడు ఈడ తొడుక్కోనీకి ఒకటి ఉండాలె గదా."

తల్లీకూతుళ్ళను ఎక్కించుకుని ఆటో మలుపు తిరిగింది. వాకిట్లో దండెం మీద పసుపు గౌను ఇంకా ఒక్కొక్క చుక్కా కారుస్తూనే ఉంది.