అర డిగ్రీ

“ముందు తలస్నానం చేసి వంటింట్లోకి రా. తారు కంపు కొడుతున్నావు,” అన్నారు అత్తయ్య, నేనింకా చెప్పులు విప్పకముందే.

స్నానం చేసి పాలు పెట్టాను. పొంగకుండా చూస్తూ నిలబడితే మా ఆయన తొంగిచూసి నవ్వాడు. “అక్కడా పొయ్యే, ఇక్కడా పొయ్యే. కాపలా కాయడమేగా నీ పని!”

కాపలానే. మూడేళ్లుగా, మా లాబ్‌లో పిచ్‌కి. పిచ్ అంటే తారును మరిగించగా అడుగున మిగిలే నల్లటి గడ్డ. దాన్ని కరిగించి, కంటికి ఆనని గోళాలు చేస్తాం, బ్యాటరీల కోసం. చేయడం సగం పనే. తర్వాత వాటిని ఫర్నేస్‌లో గాలి తగిలేలా, నిమిషానికి అర డిగ్రీ చొప్పున వేడెక్కించాలి. తొమ్మిది గంటలు, పైపొర గట్టిపడేదాకా. తొందరపడితే అన్నీ కరిగి అతుక్కుపోతాయి. ఆ అర డిగ్రీ దొరికేలోపు నలభై ఒక్క ముద్దలు పారేశాను. ముద్ద పడ్డప్పుడల్లా డైరెక్టర్‌గారు, “ఏమ్మా, ఇవాళ కూడా రోడ్డేశావా?” అనేవారు. నలభై రెండోసారి మైక్రోస్కోపు కింద అన్నీ విడివిడిగా, గుండ్రంగా!

పేటెంటు కాగితంలో డైరెక్టర్‌గారి పేరుంది. ఆయన మేనల్లుడి పేరూ ఉంది.

“నా పేరు సార్?”

“పొయ్యి దగ్గర కూర్చున్నదానికి పేరెందుకమ్మా?”

ఇంట్లో చెబితే మా ఆయన టీవీ మీంచి చూపు తిప్పలేదు. “పెద్దాయనతో నీకెందుకు గొడవ?”

ఇవాళ పొద్దున బ్యాటరీ కంపెనీవాళ్లు వచ్చారు. డైరెక్టర్‌గారు కొత్త కోటు తొడుక్కుని, గోళాల పళ్లెం తానే ఫర్నేస్‌లోకి తోసి, నిమిషానికి పది డిగ్రీలు పెట్టారు.

“అర డిగ్రీ సార్,” అన్నాను.

“కాఫీలు చూడమ్మా,” అన్నారు. వాళ్ల వైపు తిరిగి, “భోజనాలు చేసొచ్చేసరికి అయిపోతుంది. చాలా తేలిక,” అన్నారు.

అందరూ వెళ్లిపోయారు. నా చెయ్యి దానంతటదే వేడి తగ్గించే మీట వైపు వెళ్లింది. కూరలో మరిచిన ఉప్పు, మంచం మీద వదిలేసిన తడి తువ్వాలు, డైరెక్టర్‌గారి రిపోర్టుల్లో తప్పులు, అన్నీ చప్పుడు లేకుండా సర్దే చెయ్యి. మీట మీద రెండు క్షణాలు ఆగింది. తిప్పకుండానే చెయ్యి వెనక్కి తీసుకున్నాను. వెళ్లి, ముందు నాకొక కాఫీ పోసుకున్నాను. వేడివేడిగా, కూర్చుని తాగాను.

భోజనాలయ్యాక తలుపు తెరిచారు. పళ్లెంలో నల్లగా, నిగనిగలాడుతూ ఒకే ఒక్క ముద్ద. వచ్చినవాళ్లు ముఖముఖాలు చూసుకున్నారు.

“ఏమైందమ్మా?” డైరెక్టర్‌గారు నా వైపు తిరిగారు.

“పొయ్యి దగ్గర ఎవరూ కూర్చోలేదు సార్.”