కొలత మొదలైన ఇల్లు

వంటింట్లో వాసన లేదు.

కిటికీ తెరిచే ఉంది. కొండ మీద నుంచి దిగిన గాలి గిన్నెల మధ్య ఒకసారి తిరిగి, ఏమీ మోసుకోకుండానే హాల్లోకి వచ్చింది.

మురిగిన టమాటా వాసన లేదు. నీరు కారిన కొత్తిమీర వాసన లేదు. నిన్నటి అన్నం పులిసిన వాసన — అసలే లేదు.

పంకజాక్షి ముక్కు ఎగబీల్చింది.

అనుమానం అక్కడే మొదలైంది.

కోడలు రూపశ్రీ మారింది. ఎప్పటి నుంచంటే చెప్పలేం గానీ... మారింది.

ఆదివారం మంచం అంచున కూర్చుని, "ఈ వారం ఏం తిందాం అత్తా?" అని అడుగుతుంది. ఇంకా పుట్టని ఆకలిని ముందే అడిగే మనుషులుంటారా? కూరగాయలకు గుడ్డసంచి ఒక్కటే పట్టుకుపోతుంది. అదీ నిండకుండానే వస్తుంది. కొత్తిమీర వేళ్లు కోసి పొడిగుడ్డలో చుడుతుంది. మిరపకాయల తొడిమలు తీసి డబ్బాలో పెడుతుంది. ఫ్రిజ్‌లో పాతవి ముందుకు జరుపుతుంది, కొత్తవి వెనక్కి నెడుతుంది.

బియ్యం గ్లాసుతో పోస్తుంది. పోసి, గ్లాసు అంచు మీద వేలితో సమం చేస్తుంది.

ఆ వేలు.

అలాంటి వేలిని పంకజాక్షి ఇంతకు ముందొకసారి చూసింది.

చిన్నప్పుడు. కాణిపాకానికి అవతల, ఒక పల్లెలో. వాన మొహం చాటేసిన ఏడు. అంతవరకు చేతికొచ్చినంత రాగిపిండి పోసే అమ్మ, ఒకరోజు కొలిచే సోల తీసింది. అంచు మీద వేలితో సమం చేసింది. ఎందుకమ్మా అంటే, "ఏం లేదు మ్మే, ఊరికే" అంది.

కొన్నాళ్లకు కొట్టంలో ఎద్దులు లేవు.

ఇంకొన్నాళ్లకు ఆ ఊళ్లో ఆమె ఇంటివాళ్లే లేరు.

ఇంట్లో కొలత మొదలైందంటే — ఎవరో ఏదో దాస్తున్నట్టే.

కొడుకు మునికుమార్ రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో పని చేస్తాడు. పొద్దున్నే క్యారియర్ తీసుకుని పోతాడు, పొద్దుగూకాక వస్తాడు. చొక్కా మునుపటంత మాయడం లేదు. లేక... ఆమె కళ్లకే అలా ఉందా? ఫోన్ మోగితే వాకిట్లోకి పోతాడు. మునుపూ పోయేవాడేమో. మునుపు ఆమె చూడలేదు.

ఇప్పుడు చూస్తోంది.

చూస్తూ చూస్తూ, తనూ దాచడం మొదలుపెట్టింది. కంచంలో మిగిల్చిన సంగటి. కొంగులో కట్టిన టమాటాలు. గుప్పెళ్లతో అలసందలు. అన్నీ చీరల పెట్టె వెనక, ఒక స్టీలు డబ్బాలో. రేపు కరువొస్తే తన బిడ్డ ఖాళీ కడుపుతో పడుకోకూడదు. అంతే ఆమె ఆలోచన.

ఒక మధ్యాహ్నం గాలి ఆగిపోయింది. ఆకు కదలని ఉక్క. ఆ ఉక్కలో వాసన లేచింది.

వంటింట్లో నుంచి కాదు. పంకజాక్షి గదిలో నుంచి.

రూపశ్రీ పెట్టె జరిపింది. డబ్బా మూత తీసింది. బూజు పట్టిన సంగటి, రసం కారిన టమాటాలు, చీమల బారు...

"అత్తా, ఇదేంది?"

పంకజాక్షి గోడ వైపు తిరిగింది. అటు తిరిగే మాట విసిరింది.

"నిజం చెప్పు మ్మే. నా కొడుక్కి పని ఉండాదా, పోయిందా?"

"ఎవరు చెప్పినారు పోయిందని?"

"బియ్యం కొలిచే నీ చెయ్యే చెప్పింది. కొలిచే ఇంట్లో ఏదో ఒకటి దాస్తారు. మా యమ్మా దాచింది. నువ్వూ దాస్తా ఉండావు."

రూపశ్రీ నవ్వలేదు. డబ్బా ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుంది.

"ఇటు సూడు అత్తా. మా నాయన మదనపల్లె పక్కన టమాటా పెట్టినాడు గదా. ఒక ఏడు కాయ విరగ కాసింది. మార్కెట్టుకు తీసకపోతే కొనే దిక్కు లేదు. అంతా తెచ్చి రోడ్డు వారన పారబోసినాడు. ఆ బుట్టలు నేనూ వంచినాను..."

డబ్బా అంచున పాకే చీమను వేలితో పక్కకు తోసింది.

"ఆ మధ్య మన ఫ్రిజ్జులో కవరు టమాటాలు కుళ్లి కారతా ఉంటే, మా నాయన చేతులే కనపడినాయి. ఇంక ఒక్క కాయ కూడా పారేయకూడదనుకున్నా. అంతే. నీ కంచంలో ఎప్పుడన్నా కొలిచినానా?"

లేదు. ఇంకో గరిటె వేసుకోమని అడగని పూట లేదు. ఆ సంగతి పంకజాక్షికీ తెలుసు.

"ముందే చెప్పొచ్చు గదా."

"నువ్వు అడగొచ్చు గదా."

ఇద్దరూ కలిసి డబ్బా కడిగారు. అలసందలు మాత్రం చెడలేదు. బాగా కడిగి నానబోశారు. సాయంత్రం మునికుమార్ ఆ గుగ్గిళ్లు రెండోసారి అడిగి తిన్నాడు. గిన్నె అడుగు తళతళలాడింది. ఖాళీ గిన్నెను చూసి పంకజాక్షి భయపడలేదు.

అంతగా.

తెల్లవారి, కొడుకు చెప్పులేసుకుంటుంటే తట్టింది — కోడలు టమాటాల సంగతి చెప్పింది. వాళ్ల నాయన సంగతి చెప్పింది.

పని ఉందని చెప్పలేదు.

"ఎవరు చెప్పినారు" అంది. అది జవాబా?

కొడుకు వెనకే వీధి చివరి దాకా నడిచింది. అడగొచ్చు. అడిగితే చెబుతాడు.

"మునీ..."

ఒక లారీ అడ్డం వచ్చింది. హారన్. దుమ్ము. లారీ పోయేసరికి కొడుకు లేడు. రేణిగుంట వైపు పోయాడా... ఇంకో వైపు పోయాడా...

కొండ మీద నుంచి గాలి దిగింది. ఈసారి ఊరికే రాలేదు. ఏదో వాసన మోసుకొచ్చింది.

వానదో. దుమ్ముదో.

పంకజాక్షి ముక్కు ఎగబీల్చి, అక్కడే నిలబడింది.