ఏడో మనిషి

అరవడం కూడా ఒక పనేనని పద్నాలుగేళ్లు నమ్మినవాణ్ణి నేను. పేరు చంద్రకాంత్. పాశమైలారం దగ్గర మసాలా పొడులు ప్యాక్ చేసే చిన్న కంపెనీలో సూపర్‌వైజర్‌ని. మెడలో విజిల్, చేతిలో రిజిస్టర్, నోట్లో తిట్లు. నేను ఒక్కరోజు లేకపోతే కంపెనీ మూతపడుతుందని మా ఇంట్లోవాళ్లను కూడా నమ్మించాను.

మా దగ్గర ఏడుగురు ఆడవాళ్లు పనిచేస్తారు. కొందరు కారం, ధనియాల పొడి తూకం వేసి కవర్లలో నింపుతారు, ఒకరు సీలింగ్ మిషన్ మీద మూతులు అతికిస్తారు, మిగతావాళ్లు అట్టపెట్టెల్లో సర్దుతారు. మనుషులు ఏడుగురైనా మిషన్ ఒక్కటే. పదిన్నరకు చాయ్ విజిల్, ఒంటిగంటకు అన్నం విజిల్, నాలుగింటికి మళ్లీ చాయ్ విజిల్. నేను ఊదగానే మిషన్ ఆపి అందరూ ఒకేసారి లేవాలి, ఒకేసారి వచ్చి కూర్చోవాలి. ఆ క్రమశిక్షణ నేను పెట్టిందే, దాన్ని చూసుకుని నాకు భలే గర్వంగా ఉండేది.

పోయిన నెల నుంచి ఓనర్ సూర్యారావు గారి అమ్మాయి తనుశ్రీ తెల్లాపూర్ నుంచి రోజూ రావడం మొదలుపెట్టింది. ఎంబీఏ చదివిన పిల్ల. వస్తూనే నా రిజిస్టర్లన్నీ ముందేసుకుని, నలుగురు వచ్చిన రోజు ఎన్ని పెట్టెలు తయారయ్యాయి, ఐదుగురు వచ్చిన రోజు ఎన్ని అని పట్టిక గీసింది. నలుగురికి అరవై పెట్టెలు. ఐదో మనిషి వస్తే పద్దెనిమిది పెరిగాయి, ఆరో మనిషికి పన్నెండు, ఏడో మనిషికి మూడే. మూడు పెట్టెల మీద మిగిలేది ఆ మనిషి కూలికి కూడా చాలదట. ఏడో మనిషంటే రెండు నెలల కిందట చేరిన సుకుమారి. ఒకటో తారీకు నుంచి రావద్దని ఆమెకు చెప్పే పని నా మీద పడింది.

నేను నోటి దురుసువాణ్ణే కానీ గుండె లేనివాణ్ణి కాదు. ఈ పనిని నమ్ముకునే సుకుమారి చిట్కుల్‌లో గది కిరాయికి తీసుకుంది. కూతురు సిల్వియాను అక్కడి బడిలోనే చేర్పించింది. పని పోతే రెండూ పోతాయి. చెబుదామని దగ్గరికి వెళ్లి, ఈసారి కారం బాగా ఘాటుగా ఉన్నట్టుందే అని అడిగి తిరిగొచ్చాను. రెండోసారి వెళ్లి ధనియాల గురించి అడిగాను. మూడోసారి వెళ్లే ధైర్యం లేక సత్తెమ్మకు చెప్పుకున్నాను. సత్తెమ్మ మా కంపెనీలో అందరికంటే పాత మనిషి, సీలింగ్ మిషన్ ఆమెదే. అంతా విని, మర్నాడు సెలవు పెట్టేసింది.

ఆ రోజు సుకుమారి మిషన్ మీద కూర్చుంది. సాయంత్రం లెక్క చూస్తే తొంభై పెట్టెలు. ఎప్పుడూ వచ్చే తొంభై మూడుకు మూడే తక్కువ. ఆ మర్నాడు ఇంకొకామె సెలవు, ఆ తర్వాత మరొకామె. ఎవరు రాకపోయినా తగ్గింది మూడే. వారం తిరిగేసరికి సత్తెమ్మ చేతులు తుడుచుకుంటూ తనుశ్రీ ముందు నిలబడింది.

"సుకుమారి లేకున్నా మూడే, నేను లేకున్నా మూడే. ఇగ ఏడో మనిషెవరో నువ్వే చెప్పు బిడ్డా."

తనుశ్రీ పట్టిక మళ్లీ మొదటి నుంచి చూసుకుంది. ఆ పిల్లలో నాకు నచ్చిన గుణం, తప్పయితే ఒప్పుకుంటుంది. తప్పు సుకుమారిది కాదు, ఏడో చోటుదేనంది. అయినా ఆ చోటు మూడు పెట్టెలే తెస్తున్నప్పుడు ఒకరు తగ్గక తప్పదు, ఎవరన్నది మీరే తేల్చుకోండి అంది. ఏడుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొత్తగా వచ్చింది నేనే కదా, నేనే పోతానని సుకుమారి మెల్లగా అంది.

ఆ మర్నాడే జోగిపేటలో మా మేనకోడలి పెళ్లి. రెండు రోజులు సెలవు పెట్టక తప్పలేదు. పెళ్లి పందిట్లో కూర్చున్నా నా మనసంతా కంపెనీలోనే ఉంది. నేను లేను, పని సాగదు, పెట్టెలు ఇంకా తగ్గుతాయి, దాంతో సుకుమారి పని ఖాయంగా పోతుంది అనుకుంటూ బగారా అన్నం కూడా సరిగా తినలేదు.

తిరిగొచ్చి రిజిస్టర్ తెరిస్తే నూట ఎనిమిది. రెండు రోజులూ నూట ఎనిమిదే. ఎవరో తప్పు రాశారని ఒళ్లు మండి సత్తెమ్మను నిలదీశాను.

"విజిల్ నీ మెడలనే పాయె గద," అంది సత్తెమ్మ తాపీగా. "ఎవరూ ఊదలే. ఇద్దరిద్దరం పోయి తిని వచ్చినం. మిషన్ ఆగలే."

అప్పుడు తెలిసింది నేను చేస్తున్న ఘనకార్యం. ఆపిన మిషన్ మళ్లీ వేడెక్కడానికి పావుగంట పడుతుంది. రోజుకు మూడు విజిళ్లు, మూడుసార్లు చల్లారడం. తనుశ్రీ కళ్లు మెరిశాయి. మర్నాడు విజిల్ లేకుండా ఆరుగురితోనే నడిపించి చూసింది. తొంభై నాలుగే వచ్చాయి. ఇద్దరు తినడానికి వెళితే మిగిలిన నలుగురు మిషన్‌కు అందించలేక అది మాటిమాటికీ ఆగింది. ఏడుగురుంటే ఆగదు. నా విజిల్ లేకపోతే ఏడో మనిషి తెచ్చేది మూడు కాదు, పద్నాలుగు.

సుకుమారిని తీసెయ్యడం లేదని తనుశ్రీ అందరి ముందూ చెప్పింది. సుకుమారి కొంగుతో మొహం తుడుచుకుంది. కారం పడిందంది కానీ ఆ రోజు మేం ప్యాక్ చేస్తున్నది ధనియాల పొడి.

అక్కడితో ఆగితే బాగుండేది. తనుశ్రీ పట్టిక కింద ఇంకో వరుస రాసి ఉంది. ఆమె చెయ్యి అడ్డం పెట్టేలోపే చదివేశాను. సూపర్‌వైజర్ ఉన్న రోజు తొంభై మూడు. లేని రోజు నూట ఎనిమిది. నాకు సిగ్గేసింది, నిజంగా సిగ్గేసింది. ఏడో మనిషికి కనీసం మూడు పెట్టెలైనా ఉన్నాయి. నాకు సున్నా కూడా లేదు, పదిహేను పెట్టెల నష్టం.

మెడలోని విజిల్ తీసి మేకుకు తగిలించాను. ఇప్పుడేం చెయ్యమంటావమ్మా అని తనుశ్రీని అడిగితే ఆ పిల్ల పట్టిక మడిచి పక్కన పెట్టింది. సత్తెమ్మే అందుకుని, ఎనిమిదో మనిషిగా కూర్చోబెట్టి చూద్దామంది. మర్నాడు పొద్దున్నే తలకు టోపీ, మూతికి గుడ్డ కట్టుకుని పెట్టెలకు టేపు అంటించడానికి కూర్చున్నాను. ఒంటిగంటకు నా వంతు రాగానే చూస్తే, ముందు తిన్నవాళ్లు తలా కాస్త కూర నాకోసం మిగిల్చి ఉంచారు. పద్నాలుగేళ్లలో ఆ ఆడవాళ్ల చేతి కూర రుచి చూడటం అదే మొదలు. గోంగూర అద్భుతం.

సాయంత్రం నడుము పట్టేసింది. పెట్టెలు లెక్కపెడితే నూట పదకొండు. అంటే రోజంతా వంగి వంగి నేను తెచ్చింది మూడంటే మూడు. తలెత్తలేక టేపు చుట్ట తిప్పుతూ కూర్చుంటే సుకుమారి వచ్చి పక్కన చాయ్ గ్లాసు పెట్టింది.

"ఫికర్ చెయ్యకు సార్," అంది. "నేను గూడ మూడుతోనే మొదలువెట్టిన."