సగం మోతాదు

నా రక్తం 'ఓ' గ్రూపు, తమ్ముడు జోయెల్‌ది 'ఏ' గ్రూపు. వాడి ఎముక మజ్జ నాకెక్కించి తొమ్మిది నెలలైంది. తెల్లకణాలు వచ్చాయి, ఎర్రకణాలు మాత్రం మొండికేశాయి. పదిహేను రోజులకోసారి ఎవరిదో రక్తం ఎక్కించుకుని, ఆ బలంతోనే హైటెక్ సిటీలో ఒంటిపూట పనికి వెళ్లేదాన్ని. ఉద్యోగం మానెయ్యమన్న చుట్టాలను, ఇంట్లో పడుకుంటే రక్తం ఊరుతుందా అని కడిగేశాను.

డాక్టరు గారు విషయం విడమరిచారు. నా పాత రక్షణకణాలు కొన్ని ఇంకా మిగిలి, తమ్ముడి ఎర్రకణాలను పుట్టకముందే చంపేస్తున్నాయట. వాటిని తరిమేసే సత్తా తమ్ముడి కణాలకే ఉంది. కానీ నేను తాగే మందు వాటి చేతులు కట్టేస్తోంది. మందు సగానికి తగ్గించాలి. తగ్గిస్తే అవి నా చర్మం మీదా, కాలేయం మీదా కూడా పడొచ్చు. అమ్మ వద్దంది. నేను సంతకం పెట్టేశాను.

నూనెలాంటి ఆ మందును రెండు పూటలా పాలలో కలిపి ఇచ్చేది అమ్మే. నెల తర్వాత పరీక్ష చేస్తే రక్తంలో మందు చుక్కంత కూడా తగ్గలేదు. ల్యాబువాళ్లదే తప్పని గొడవకు దిగాను. పక్కన అమ్మ తల ఎత్తలేదు. పాలలో ఇంకా పాత మోతాదే పడుతోందని అప్పుడర్థమైంది.

హఫీజ్‌పేట్ ఇంటికొచ్చాక నిలదీశాను.

"వాని కణాలు నిన్నే తింటయంటే ఎట్ల ఊకుంట బిడ్డా? రక్తమైతే ఎక్కిస్తున్నరు గద."

"నెలకు రెండుసార్లు చచ్చి లేస్తున్ననమ్మా. గది నీకు బతుకు లెక్క కనిపిస్తున్నదా?"

సీసా లాక్కున్నాను. ఆ రోజు నుంచి నా మందు నేనే కొలుచుకున్నాను. మూడో వారం అరచేతులు ఎర్రగా పొక్కాయి. భయమేసింది, కాదనను. మోతాదు పెంచమని అమ్మ కాళ్లావేళ్లా పడింది. ససేమిరా అన్నాను. డాక్టరు గారు చూసి, కాలేయం బాగానే ఉందని, పూత మందిచ్చి పంపారు.

మరో నెలకు నా రక్తంలో కొత్త ఎర్రకణాలు కనిపించాయి. ఇవాళ రక్తం అక్కర్లేదు, ఇంటికెళ్లండి అన్నారు. బయట బల్ల మీద కూలబడి అమ్మ ఏడ్చేసింది. తనను మాఫ్ చేసినవా అని అడిగింది.

"చెయ్యలే," అన్నాను. "లే, ఇంటికి పోదాం. ఆకలైతున్నది."