పురుగు పట్టని మడి

సూరయ్య అప్పటికే పదో వంకాయ కోశాడు. చాకు దిగినచోట తెల్లటి కండ, లేత గింజలు, పురుగు లేదు. మడికి అటువైపు మామూలు వంగ కాయ కోస్తే మాత్రం, తొలిచిన దారిలో గులాబిరంగు పురుగు మెల్లగా కదిలింది. శృంగవరపుకోట దగ్గర వల కట్టిన ఆ అర ఎకరం ప్రయోగపు మడిలో మూడేళ్ళుగా అతని పని ఇదే. కాయలు కోసి చూడాలి, చూసి కాల్చెయ్యాలి. ఒక్కటీ ఇంటికి పోకూడదు.

కొండల మీంచి దిగిన మంచు ఇంకా మొక్కల మధ్యే నిలిచి ఉంది. అందులో నడుస్తుంటే కాళ్ళు నేలకి ఆనుతున్నట్టుండదు సూరయ్యకి. ముప్పయ్యేళ్ళు ఊళ్ళోవాళ్ళ చేలల్లో వీపున డబ్బా మోసి పురుగుమందు కొట్టిన మనిషి. ఆ మందూ ఇలాగే తెల్లగా కమ్ముకునేది. ఒక పొద్దున అందులోకి నడిచిన తమ్ముడు ధనరాజు పడిపోయి మళ్ళీ లేవలేదు. సూరయ్యకి ఆయాసం మిగిలింది.

విత్తనాల కంపెనీ తరఫున మడిని చూసే తులసి తొమ్మిదింటికి వచ్చి వల తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"ఈ ప్రయోగాన్ని ప్రభుత్వం ఆపేసింది తాతా. ఈరోజే మొక్కలన్నీ పీకి కాల్చెయ్యాలట."

"ఏటి తప్పు సేసినాయమ్మా?"

"తప్పని కాదు. పురుగుని చంపే గుణం మొక్కలోనే పెట్టారు కదా. అది తింటే మనుషులకి ఏమవుతుందో ఇంకా చాన్నాళ్ళు చూడాలంటున్నారు. పుప్పొడి పక్క చేలకి పోతే మన పాత వంగలు కూడా మారిపోతాయని భయం."

"సూడాల్సిందే," అన్నాడు సూరయ్య. "నా ఈపున మందు డబ్బా కట్టినప్పుడు మాత్రం ఎవులూ సూణ్ణేదు."

తులసి వల తలుపు దాటి లోపలికి వచ్చింది.

"పోనీ, ఇత్తనం దాసుకోవచ్చా?"

"కుదరదు తాతా. అది కంపెనీది."

"కాసింది మొక్క గదమ్మా," అన్నాడు మెల్లగా, తనలో తాను అనుకున్నట్టు.

మధ్యాహ్నానికి మొక్కలన్నీ పీకి, ఎండుగడ్డి కలిపి నిప్పు పెట్టాడు. కుప్ప అంచున ఒక కాయ బాగా ముదిరి పసుపెక్కి కనిపించింది. లోపల వందల గింజలుంటాయి. తువ్వాలులో కట్టుకుపోతే అల్లుడు త్రినాథ్ ఇక డబ్బా మొయ్యక్కర్లేదు. కానీ పెరట్లో భార్య లక్ష్మణమ్మ తన తల్లి ఇచ్చిన విత్తనంతో ఏటేటా వేసే ముళ్ళవంగ ఉంది. దీని పక్కన అది అలాగే ఉంటుందా? మనవరాలు తినే కాయ.

కాయను ఒళ్ళో పెట్టుకుని గట్టుమీద కూర్చున్నాడు. పొగ మడంతా పరుచుకుంది. ఈ పొగకి మందు ఘాటు లేదు. అందులోంచి ఎవరో నడిచి వస్తున్నారు, ముఖానికి గుడ్డ లేకుండా, వీపున ఏ బరువూ లేకుండా. ధనరాజే. సూరయ్య కొంచెం జరిగి చోటిచ్చాడు.

సాయంత్రం తులసి వచ్చి పిలిచింది. పలకకపోతే భుజం తట్టింది. తర్వాత పక్కనే కూలబడి, తన చున్నీతో అతని ముఖం మీది బూడిద తుడిచింది.

ఊళ్ళోవాళ్ళు వచ్చి అతన్ని మోసుకుపోయేసరికి నిప్పు చల్లారింది. తులసి మడిలో ఒక్కతే ఉండిపోయింది. అతను కూర్చున్న చోట, గట్టు గడ్డిలో, ముదిరిన వంకాయ నీరెండకి ఇంకాస్త పసుపుగా మెరుస్తోంది.