తీగ మీది కొండి

ఆడపిల్ల తండ్రికి పెళ్లి పందిట్లో కరెంటు పోవడమంటే సగం ప్రాణం పోవడమే. ఎనభై నాలుగు మే నెలలో, ఖిలా వరంగల్‌లో కిరాణా వెంకట్రాజం బిడ్డ పెళ్లినాడు మధ్యాహ్నం దుమారం లేచింది. షామియానా ఒక పక్క కూలింది. పక్క వీధిలో చెట్టుకొమ్మ విరిగిపడి కరెంటు తీగ తెగింది. ఫ్యాన్లు ఆగాయి, మైకు మూగబోయింది.

మైకుసెట్టూ, కరెంటు పోతే నడిపే జనరేటర్ ఇంజనూ రాయమల్లువి. పెళ్లికి మీటరూ గీటరూ ఎవరు పెట్టిస్తారు? వీధి తీగకు కొండి తగిలించి కరెంటు గుంజడమే అప్పటి ఆచారం. లైన్‌మన్లు చూసీ చూడనట్టు పోయేవారు. ఆ ఏరియా లైన్‌మన్ యాకయ్య మాత్రం చూశాడు, రాయమల్లును పక్కన కూర్చోబెట్టుకుని మరీ చెప్పాడు.

"తమ్మీ, కరెంటు పోతే ముందుగాల కొండి గుంజు. గా తర్వాతనే ఇంజన్ చాలు చెయ్యి. లేకుంటే నీ ఇంజన్ కరెంటు మల్ల మా తీగలకే ఎక్కుతది. మేం పోల్ మీదుంటం."

పదేళ్లుగా రాయమల్లు ఆ మాట తప్పలేదు. ఆరోజు తప్పాడు. కొండి దించే వెదురుగడను ఎవరో పట్టుకుపోయి షామియానాకు ఊతం పెట్టారు. అది లాగితే గుడ్డంతా మళ్లీ ఆడవాళ్ల నెత్తిన పడుతుంది.

"రాయమల్లూ, నీకు దండం పెడ్త! ముహూర్తం దాటుతాంది. మగపెళ్లోల్లు మూతులు ముడుస్తాండ్రు. జర జల్ది కానియ్యి," అంటూ వెంకట్రాజం చేతులు పట్టుకున్నాడు.

మొహమాటం మనిషిచేత ఎంత పనైనా చేయిస్తుంది. తీగలో కరెంటే లేదు, కొండి ఉంటేనేం, యాకయ్య అప్పుడే వస్తాడా అనుకున్నాడు బుద్ధిలేనివాడు. హ్యాండిల్ తిప్పి ఇంజను చాలు చేశాడు. ఇంజను ఎన్నడూ లేనంతగా మూలిగింది. అయినా రేసు పెంచాడు. మైకు పలికింది. పంతులు మంత్రం అందుకున్నాడు.

ఎదురింటి రాజక్క చేతిలో చాటతోనే వాకిట్లోకి వచ్చింది. "మా ఇంట్ల సుత ఫ్యాన్ తిరుగుతాంది! కరెంటొచ్చింది!"

ఆ ఇంటికి రాయమల్లు వైరు వేయలేదు. తన ఇంజను కరెంటే కొండిలోంచి వీధి తీగలకెక్కిందన్నమాట. ఇంజను ఆపేసి పక్క వీధికి పరుగెత్తాడు.

యాకయ్య స్తంభం కింద పడి ఉన్నాడు. ఊపిరి లేదు. అంగీ జేబులో మూడు ఫ్యూజులున్నాయి. తాను పైనుండగా ఎవరూ తిరిగి పెట్టకుండా ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వాటిని పీకి జేబులో వేసుకుని ఎక్కేవాడు. అంత జాగ్రత్త గల మనిషి అన్యాయంగా పోయాడు.

దవాఖాన వరండాలో యాకయ్య భార్య మొగిలమ్మ అతని హెల్పర్ కొమురెల్లి అంగీ పట్టుకుని గుంజుతోంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కాపలా ఉన్నది అతనే.

"నా పెనిమిటిని మింగితివి గదరా! ఫ్యూజుల్లేకున్నా తీగముక్క పెట్టి ఎందుకేసినవ్ కరెంటు?"

"అమ్మతోడు వదినె, నేను తాకలే," అంటూ కొమురెల్లి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. పోలీసులు అతని పేరు రాసుకుంటున్నారు.

నోరు మూసుకుంటే చాలు, రాయమల్లు బతికిపోతాడు. కొమురెల్లి జైలుకు పోతాడు. చివరికి అతను మొగిలమ్మ దగ్గరికి వెళ్లాడు.

"వాన్ని ఇడిసిపెట్టు వదినె. గా కరెంటు నా ఇంజన్‌ది. కొండి తియ్యకుంట చాలు చేసిన."

మొగిలమ్మ చేతులు జారిపోయాయి. తిట్టలేదు, కొట్టలేదు. అతని మొహంలోకే చూస్తూ అడిగింది.

"కొండి తీసుటానికి ఎంతసేపు పడ్తుండె?"

"రెండు నిమిషాలు."

"గా రెండు నిమిషాలు వాళ్ల పెండ్లి ఆగకపోయిందా, రాయమల్లూ?"